ఓబద్యా గారి మెట్లు

ప్రతి ఇంటికీ ఒక శాసనసభ్యుడు ఉండాలండీ. అందులోనూ పోయినవాడైతే మరీ శ్రేష్ఠం! ఓటు అడగడు, చందా అడగడు, గోడ దూకే ఓపిక అసలే ఉండదు. నమ్మరా? అయితే ఎలియాజరు, జయమణి దంపతుల అదృష్టం వినండి.

కాకినాడ నుంచి వచ్చిన ఈ దంపతులు కెనడాలో, హామిల్టన్‌కు కాస్త దూరంలో, ఒక చిన్న ఊళ్ళో పాత ఎర్ర ఇటుకల ఇల్లు కొన్నారు. ఆయన ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఆవిడ డేకేర్‌లో ఊరి పిల్లలందర్నీ ఎత్తుకుని ఎత్తుకుని మోకాళ్ళు అరగదీసుకుంది. ఆపరేషన్ అయ్యాక చేతికి వాకర్ వచ్చింది. ఇంటి ముందేమో నిటారుగా రాతిమెట్లు! ఆ పక్కనే ర్యాంప్ వేయిద్దామని ఎలియాజరు పర్మిట్‌కి అప్లై చేశాడు.

అప్పుడు తెలిసింది, ఇల్లు తమది కాదని. అంటే తమదే. కాకపోతే అంతకన్నా ముందు ఓబద్యా స్టబ్స్ గారిది.

ఎవరా మహానుభావుడు? పంతొమ్మిదో శతాబ్దంలో, సరిహద్దుకు అవతల ఒక అమెరికా రాష్ట్రంలో శాసనసభ్యుడు. జీవితంలో ఒకే ఒక్క బిల్లు పెట్టాడు, వీధుల్లో పందులు తిరగరాదని. దాని మీద పొద్దున్నే లేచి దీపాలు పెట్టేదాకా మాట్లాడి, తీరా ఓటింగులో తనే వ్యతిరేకంగా చెయ్యెత్తాడు. మధ్యలో భోజనానికి వెళ్ళినప్పుడు పార్టీ మారాడు మరి! తర్వాత ఓడిపోయి, ఓటర్లకు మొహం చూపించలేక కెనడా వచ్చి, ఒక చలికాలం ఈ ఇంట్లో అద్దెకున్నాడు. ఈ మెట్ల మీదే నిలబడి ఉపన్యాసం ఇచ్చాడట. మంచు పడుతోందని వినడానికి ఎవరూ రాలేదట. అంతటి ఘట్టం జరిగిన చోట ర్యాంపా? తప్పు కదూ!

"పేరు చూస్తే బైబిల్లో ప్రవక్తగారి పేరు. మనకి అడ్డం పడతాడేంటండీ?" అంది జయమణి, పాపం నమ్మకంగా.

పాత కట్టడాల్ని కాపాడే హెరిటేజ్ కమిటీ విచారణ టౌన్‌హాల్ పై అంతస్తులో పెట్టారు. అదీ చారిత్రక కట్టడమే, అందుకని లిఫ్ట్ లేదు. జయమణి కింద బెంచీ మీద ఉండిపోయింది. ఎలియాజరు ఒక్కడే పైకెళ్ళాడు.

"ర్యాంప్ కావాల్సిన ఆవిడ రాలేదేం?" అని చైర్మన్ గారు అడిగారు.

"ఎక్కలేదు కాబట్టేనండీ ర్యాంప్!" అన్నాడు ఎలియాజరు.

"గైర్హాజరు" అని రాసుకున్నారు. ఎంత పద్ధతి!

తీర్పు కూడా ధర్మంగానే వచ్చింది. ముందు మెట్ల జోలికి ఎవరూ పోరాదు. ర్యాంప్ మాత్రం ఇంటి వెనక, చెత్తడబ్బాల పక్కన, వీధికి కనబడకుండా వేసుకోవచ్చు.

ఎలియాజరుకు ఒళ్ళు మండిపోయింది. "అమ్మేద్దాం జయా ఈ కొంప!"

"అమ్మితే కొనేవాళ్ళకి మోకాళ్ళుండవా?" అంది జయమణి. ర్యాంప్ వెనకే వేయించారు.

వేసవి రాగానే ఆ మెట్లు చూడ్డానికి టూరిస్టులు మొదలయ్యారు. వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన సాత్విక అనే అమ్మాయి వాళ్ళకి పార్ట్‌టైమ్ గైడ్. ఒక శనివారం ఆ అమ్మాయి మెట్ల ముందు నిలబడి పందుల బిల్లు గురించి గొంతు చించుకుంటుంటే, జయమణి వాకర్ తోసుకుంటూ చెత్తడబ్బాల సందులోంచి బయటికొచ్చింది. తెలుగు మొహం కనబడేసరికి సాత్విక పరుగున వచ్చింది.

"తెలుగోళ్ళా ఆంటీ? ఈ ఇంట్ల పని చేస్తరా?"

"కాదమ్మా. ఈ ఇల్లు మాదే."

"మరి ఎనకనుంచి వస్తున్నరేంది?"

జయమణి మెట్లకేసి చూసింది. ఎవరో దంపతులు వాటి మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని ఫోటో దిగుతున్నారు.

"ముందు మెట్లెక్కాలంటే చరిత్రకెక్కాలంటమ్మా," అంది. "నేనింకా బతికే ఉన్నాను కదా!"