నడక మండలం

ఆ శుక్రవారం పొద్దున పరంధామయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు సాన్విని బడి దగ్గర దింపడం, ఆఫీసులోకి వెళ్ళి బస్సు సంగతి అడగడం, మధ్యాహ్నం బఫేకి బిర్యానీ దమ్ము పెట్టే వేళకి వంటింట్లో ఉండడం. ఇంత చిన్న పథకాన్ని పాడుచెయ్యాలన్నా చదువుకున్నవాళ్ళు కనీసం నలుగురైనా కావాలి. ఆ నలుగురూ ఆ రోజు డ్యూటీలోనే ఉన్నారు.

పరంధామయ్య సియాటిల్ శివార్లలో ఒక ఆంధ్రా హోటల్లో వంటమాస్టరు. భార్య తరఫువాళ్ళ పుణ్యమా అని గ్రీన్‌కార్డు మీద వచ్చాడు. ఇంగ్లీషు వంటింటికి సరిపడా వచ్చు, గడప దాటితే రాదు. అందుకని బడితో వ్యవహారాలన్నీ బావమరిది రాజీవ్ చూసేవాడు. రాజీవ్ అదే అపార్ట్‌మెంట్లలో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. చేసిన ప్రతి సాయాన్నీ పదిమందికి చెప్పుకుంటే తప్ప అన్నం అరగని మనిషి.

సెప్టెంబరులో, ఆ చుట్టుపక్కల బళ్ళన్నిటినీ నడిపే స్కూల్ డిస్ట్రిక్టు వాళ్ళు ఫోన్‌కి తెలుగులో ఒక మెసేజ్ పంపారు. "ప్రియమైన కుటుంబమా, మీరు నడక మండలములో నివసించుచున్నారు. కావున బస్సు మీకు వర్తించదు." మిషను తెలుగు. పరంధామయ్య అది చదివి, మనల్ని వేరే మండలంలో కలిపేశారు కాబోలు అనుకున్నాడు. ఇక్కడ ఎమ్మార్వో ఆఫీసు ఎక్కడుందిరా అని రాజీవ్‌ని అడిగాడు. ఆ మాట చెప్పుకుని రాజీవ్ ఆఫీసువాళ్ళు వారం రోజులు నవ్వారు. అసలు సంగతేమిటంటే, బడికి మైలు లోపు ఉన్న పిల్లలకి బస్సు ఎత్తేశారు, నడిచి రావాలి. మైలు లోపే, అబద్ధం లేదు. కాకపోతే ఆ దారికి ఫుట్‌పాత్ లేదు, కంకర లారీలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి.

దాంతో రోజూ తనే కారులో దింపవలసి వచ్చింది. బడి మొదలయ్యే వేళా, వంటింట్లో పొయ్యి వెలిగే వేళా ఒకటే. హోటల్ ఓనరు విశ్వనాథం కొన్నాళ్ళు ఓర్చుకుని, చివరికి గురువారం సాయంత్రం చెప్పేశాడు.

"మాస్టారూ, సోమవారం నుంచి టైముకి రాకపోతే నేను ఇంకో మనిషిని చూసుకుంటాను. మీ మీద జాలి ఉంది. కానీ బఫేలో జాలి వడ్డించలేను కదా."

రాజీవ్ అప్పటికే డిస్ట్రిక్టుకి చక్కటి ఇంగ్లీషులో చాలా మెయిళ్ళు రాశాడు. ప్రతిసారీ ఒకటే జవాబు: మీ గొంతు మాకెంతో విలువైనది. విలువైనదాన్ని ఎవరైనా ఏం చేస్తారు? లాకర్లో పెట్టి తాళం వేస్తారు. వాళ్ళూ అదే చేశారు.

అందుకే పరంధామయ్య తనే వెళ్ళాలనుకున్నాడు. అడిగితే ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇస్తామని ఇంకో మెసేజ్‌లో ఉంది. కారు దిగుతూ సాన్వి మొహం మాడ్చుకుంది. ఏడో క్లాసు పిల్ల. మసాలా వాసన వస్తుందని కారు కూడా సందు చివరే ఆపించేది.

"నాన్నా, ప్లీజ్, నువ్వు లోపలికి రావద్దు. మామయ్య మెయిల్ చేస్తాడు కదా."

"మీ మామయ్య మెయిల్ చేసీ చేసీ నా ఉద్యోగం తీయిస్తాడు. నువ్వు పో, నన్ను ఎరగనట్టే ఉండు."

ఆఫీసులో హాల్వర్సన్ అనే పెద్దావిడ నమస్తే అంటూ ఎదురొచ్చింది. ఆవిడ ఫ్యామిలీ లయజన్, అంటే కుటుంబాలకీ బడికీ మధ్య వంతెన. టేబుల్ మీద ఫోన్ పెట్టి, స్పీకర్లో ఇంటర్‌ప్రెటర్‌ని పిలిచింది. స్మృతి అనే అమ్మాయి పలికింది. ఇక్కడే పుట్టి, ఆదివారాలు తెలుగు క్లాసుకి వెళ్ళి నేర్చుకుని, కాలేజీ చదువుతూ ఈ పని చేస్తోంది. మాటకు మాట ఉన్నదున్నట్టు చెప్పాలని ట్రైనింగ్‌లో ఆమె చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టే కొంప ముంచింది.

పరంధామయ్య గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఈ బస్సు కోసం మీ ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతున్నాను. కడుపు మండిపోతోంది. ఈ ఒక్క పనీ చేసిపెట్టారంటే నా నెత్తిన పాలు పోసినవాళ్ళవుతారు."

నిజానికి అతను ఆ ఆఫీసు గడప తొక్కడం అదే మొదటిసారి. కానీ ఏ ఆఫీసుకి వెళ్ళినా ఆ మాటతోనే మొదలుపెట్టాలని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

స్మృతి ఒక్క ముక్క వదల్లేదు. ఈయన కాళ్ళు అరిగిపోయేలా మీ ఆఫీసు బిల్డింగుల చుట్టూ తిరుగుతున్నారు, పొట్టలో నిప్పు ఉంది, మీరు ఆయన తల మీద పాలు పోయాలి అని ఇంగ్లీషులో అప్పజెప్పింది. హాల్వర్సన్ నవ్వు కొంచెం బిగుసుకుంది. పొట్ట సంగతి విని నర్సుని పిలిచింది. పాల సంగతి విని క్యాంటీన్ నుంచి చిన్న డబ్బా తెప్పించింది. పాలు నెత్తిన పోయడం గురించి డిస్ట్రిక్టుకి పాలసీ ఏదీ లేదు గనక, డబ్బా అతని ముందు పెట్టి ఒక అడుగు వెనక్కి వేసింది.

పరంధామయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. పాలన్నాను, పాలే ఇచ్చారు, ఇక పని అయినట్టే అనుకున్నాడు. గటగటా తాగేసి, లేచి రెండు చేతులూ జోడించాడు.

"వెళ్ళొస్తానమ్మా. ఇంక భారం మీదే."

భారం అన్న మాట స్మృతికి సరిగ్గా తెలియదు. కాసేపు తడుముకుని, బాధ్యత అయి ఉంటుందని తేల్చుకుంది. "ఆయన ఇప్పుడు వెళ్ళి మళ్ళీ వస్తారట. ఆ పైన బాధ్యత మీదేనట" అని ఇంగ్లీషులో చెప్పి, ఇంకేమైనా సాయం కావాలా అని అడిగి ఫోన్ పెట్టేసింది.

హాల్వర్సన్ వెళ్ళి ప్రిన్సిపాల్‌కి చెప్పింది. ప్రిన్సిపాల్ డిస్ట్రిక్టు సేఫ్టీ ఆఫీసుకి చెప్పాడు. తిరుగుతున్నాడు, నిప్పు, మళ్ళీ వస్తాడు, బాధ్యత మనది. విడివిడిగా చూస్తే ఒక్కదానికీ అర్థం లేదు. అయినా జీతాలు తీసుకునే పెద్దమనుషులు అన్నిటినీ ఒక వరుసలో పెట్టి చూశారు. తలుపులకి తాళాలు పడ్డాయి. పోలీసు కారు వచ్చింది. తల్లిదండ్రులందరికీ, ఎవరి భాషలో వాళ్ళకి, మెసేజ్ వెళ్ళింది.

పరంధామయ్య అప్పుడే బిర్యానీ హండాకి పిండితో మూత అంటిస్తున్నాడు. ఫోన్ మోగితే చూశాడు. "ప్రియమైన కుటుంబమా, మీ పాఠశాల బిగించబడినది. భవనముల చుట్టూ తిరుగుచున్న పురుషుడొకడు మరల వచ్చుటకు వెళ్ళినాడు. శాంతముగా నుండుడు."

ఎవడో దరిద్రుడు పిల్లల బడి చుట్టూ తిరుగుతున్నాడు, లోపల నా బిడ్డ ఉంది అని విశ్వనాథంతో ఒక్క ముక్క అని, ఏప్రన్‌తోనే పరిగెత్తాడు. చేతిలో పెద్ద గరిటె ఉన్నట్టు బడి ముందు కారు దిగేదాకా అతనికే తెలియదు. తెలిశాక, ఉండడమే మంచిదనుకున్నాడు.

వానలో తలుపు దాకా ఉరికి, తనకున్న ఇంగ్లీషంతా ఒక చోట పోగేశాడు.

"వేర్ దట్ మ్యాన్?"

అద్దం తలుపు వెనకాల నుంచి హాల్వర్సన్ వేలు చూపించింది. పరంధామయ్య గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల ఎవరూ లేరు.

పోలీసాయన నెమ్మదిగా దగ్గరికొచ్చి ఆ వస్తువు కింద పెట్టమన్నాడు. అన్నంలో పెట్టే గరిటెని బురదలో ఎలా పెడతాం? పరంధామయ్య దాన్ని గుండెలకి హత్తుకున్నాడు. దాని అంచున మసాలా ఇంకా ఆరలేదు. ఆ వాసనకి పోలీసాయన, తుపాకీ మీద చెయ్యి వెయ్యాలో నిమ్మచెక్క అడగాలో తేలని మొహం పెట్టాడు. ఇంటర్‌ప్రెటర్ లైను బిజీగా ఉందని ఫోన్ చెప్పింది. మీ కాల్ మాకెంతో విలువైనదని కూడా చెప్పింది. చివరికి గత్యంతరం లేక క్లాసులోంచి సాన్విని పిలిపించారు.

ఆ పిల్ల తల మీద హుడ్ లాక్కుని వచ్చింది. ప్రతి కిటికీలోనూ తలకాయలే.

"నాన్నా, గరిటె ఎందుకు తెచ్చావ్?"

"నీకోసమే తల్లీ. ఎవడో తిరుగుతున్నాడంట కదా."

సాన్వి పెద్దవాళ్ళందరినీ అడిగి, జరిగిందంతా కూడగట్టుకుంది. తరువాత వాళ్ళకి ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. మా ఇళ్ళలో ఎక్కడి నుంచి బయల్దేరినా వెళ్తున్నాను అనకూడదు, అపశకునం, వెళ్ళొస్తాననే అనాలి. మా నాన్న డెంటిస్టు దగ్గర కూడా అదే అంటాడు, మళ్ళీ ఇంతవరకూ వెళ్ళలేదు. పోలీసాయన నవ్వి కారెక్కాడు. ప్రిన్సిపాల్ క్షమాపణ చెప్పాడు. హాల్వర్సన్ అయితే దుఃఖం ఆపుకోలేకపోయింది. మరి బస్సు అని సాన్వి అడిగితే మాత్రం, అది ట్రాన్స్‌పోర్టేషన్ వాళ్ళ పని, మీ గొంతు వాళ్ళకెంతో విలువైనది అంది.

సాన్వి తండ్రి వైపు తిరిగింది.

"విశ్వనాథం అంకుల్ నిజంగా నీ జాబ్ తీసేస్తాడా?"

"సోమవారం దాకా గడువిచ్చాడు. ఈపాటికి బిర్యానీ మాడి ఉంటుంది, అంతదాకా ఆగకపోవచ్చు."

ఇక బయల్దేరాలి. అందరూ పరంధామయ్య నోటి వైపే చూస్తున్నారు. ఏమనాలో అతనికి పాలుపోలేదు. వెళ్తున్నాను అనడానికి నోరు రాలేదు, అందులోనూ కన్నబిడ్డ ముందు, బడి గుమ్మంలో. ఏమీ అనకుండా కదలడం మర్యాద కాదు. గరిటె చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు.

"వెళ్ళొస్తానండి."

హాల్వర్సన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఇది ఊరికే అనే మాటే కదా అని సాన్విని అడిగింది. సాన్వి వాన కారుతున్న తండ్రి ఏప్రన్ వైపు కాసేపు చూసింది. హుడ్ వెనక్కి తోసేసింది.

"కాదు. ఈసారి నిజంగానే అన్నాడు. బస్సు వచ్చేదాకా ప్రతి పొద్దునా వస్తాడట" అంది, స్వచ్ఛమైన ఇంగ్లీషులో.

పరంధామయ్యకి ఆ ముక్క అర్థం కాలేదు. కూతురు తన తరఫున మర్యాదగా సెలవు తీసుకుంటోందనుకుని, వంగి ఇంకో నమస్కారం పెట్టాడు.

సోమవారం తెల్లవారేసరికి పసుపుపచ్చ బస్సు అపార్ట్‌మెంట్ల గేటు ముందు ఆగి ఉంది. కుటుంబాలకు తోడ్పాటులో భాగంగా ఇకపై ఇక్కడే ఆగుతుందనీ, తండ్రిగారు శ్రమపడి బడిదాకా రానక్కరలేదనీ డిస్ట్రిక్టు వాళ్ళు రాశారు. పరంధామయ్య విశ్వనాథం కంటే ముందే హోటల్‌కి చేరి, మాడిన హండాని తోమడం మొదలుపెట్టాడు.

సాయంత్రం రాజీవ్ వచ్చి, నిజం చెప్పు బావా, వాళ్ళతో ఏమన్నావు అని నిలదీశాడు.

"ఏమంటానురా, తెలుగులో రెండు మంచి మాటలు మాట్లాడాను. పాలు కూడా ఇచ్చారు."

రాజీవ్ తన కొడుకుని లెక్కల్లో పైక్లాసుకి పంపమని ఏడాదిగా మెయిళ్ళు రాస్తున్నాడు. ఆ రాత్రే డిస్ట్రిక్టు వెబ్‌సైటులోకి వెళ్ళి, తనకి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని నమోదు చేసుకున్నాడు. సంగతి పక్క ఫ్లాట్లకీ పాకింది.

నెలాఖరుకల్లా ఆ అపార్ట్‌మెంట్లలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లలో సగం మందికి ఇంగ్లీషు రాకుండా పోయింది.