నాలుగు శాతం గెలుపు

ఆదివారం ఉదయం పదకొండు గంటలకు నూకరాజు వేసిన పాచిక, రూల్సు పుస్తకం అప్‌డేట్ అవుతున్నందువల్ల, బల్లకు జానెడు ఎత్తున గాల్లోనే ఆగిపోయింది. కాకినాడలోని కెరటం అపార్టుమెంట్స్ కమ్యూనిటీ హాల్లో ఇలా జరగడం ఇది మూడోసారి. అందుకని ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. సంఘం కార్యదర్శి, రిటైర్డ్ నర్సు కృపామణి రిజిస్టరు తీసి "పాచిక పెండింగ్" అని రాసి, పక్కన టైము వేసింది.

తప్పు పాచికది కాదు. ఆట పేరు రేవు. పడిన అంకెను బట్టి ఓడను గళ్లలో నడిపించి ముందుగా రేవు చేర్చినవాళ్లు గెలిచినట్టు. పూర్వం దీనికి ముప్పై రెండు పేజీల కాగితం పుస్తకం ఉండేది. పేచీ వచ్చినప్పుడల్లా టైలర్ బాషా ఆ పుస్తకం తీసి, తనకు గిట్టని లైను మీద బొటనవేలు అడ్డం పెట్టి మిగతాది గట్టిగా చదివేవాడు. పదిహేడో పేజీ మీది ఆవకాయ నూనె మరక కూడా అతని పనేనని నూకరాజు అనుమానం. ఓడరేవులో ముప్పై ఏళ్లు తూకాల గుమాస్తాగా చేసిన మనిషికి ఇలాంటివి చూస్తే ఒళ్లు మండుతుంది. అపార్టుమెంటులో అందరి పత్రాలూ అప్పటికే ఒక్కొక్కటిగా ఈ-రీడర్లలోకి ఎక్కేస్తున్నాయి కాబట్టి, రూల్సు పుస్తకాన్నీ ఎక్కించమని అర్జీ పెట్టాడు. రీడర్ మీద బొటనవేలు పెడితే పేజీ తిరుగుతుందే తప్ప లైను దాగదు. పనిలో పనిగా, పుస్తకం తెరిచి లేనప్పుడు బల్ల మీద ఏదీ కదలరాదని ఒక రూలు కూడా పెట్టించాడు. పాచిక ఇప్పుడు ఆ రూలునే పాటిస్తోంది.

పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం ఆడుతున్నా నూకరాజు ఒక్కసారి కూడా గెలవలేదు. ఇవాళ అతని ఓడ రేవుకు నాలుగు గళ్ల దూరంలో ఉంది. సరిగ్గా నాలుగు పడాలి. పడకపోతే తర్వాత వంతు బాషాది, అతనికి రెండు చాలు. బాషాకు రెండు కావలసినప్పుడు రెండే పడుతుంది. నూకరాజుకు చిన్నపిల్లాడిలా ఏడవాలనిపించింది కానీ, అరవై నాలుగేళ్లు కాబట్టి మంచినీళ్లు తాగాడు.

"ఎంతయ్యిందండీ?" అని అడిగాడు.

"డెబ్బై రెండు శాతం. కంగారుపడకండి," అంది కృపామణి.

బాషా బల్ల కిందికి వంగి చూశాడు. "మూల మీద నిలబడిపోయిందండి గురువుగారూ. ఏ అంకె పడుద్దో దానికే తెల్దు."

ఈలోగా పులిహోర వచ్చింది. ప్లేట్లు పాచికకు తగలకుండా పక్కనుంచి అందించుకుని తిన్నారు. కృపామణి పమిట చెంగుతో దాని మీద దుమ్ము కూడా తుడిచింది.

ఒంటిగంటంబావుకు అప్‌డేట్ పూర్తయింది. కొత్త రూల్సు నాలుగు వేల నూట పన్నెండు పేజీలు. అడుగున "అంతా చదివాను, అంగీకరిస్తున్నాను" అని ఒక బటన్ ఉంది. వంతు ఎవరిదో వాళ్లే నొక్కాలి.

"చదవండి మరి. చదవందే ఒప్పుకోకూడదని మాకు చెప్పింది మీరేగా," అన్నాడు బాషా.

నూకరాజు పేజీల లెక్క చూశాడు. పాచికను చూశాడు. నొక్కేశాడు. పాచిక బల్ల మీద పడి రెండు దొర్లులు దొర్లి నాలుగు దగ్గర ఆగింది.

"గెలిచేశారండోయ్!" అంటూ బాషా అతన్ని కుర్చీతో సహా ఎత్తబోయాడు. నూకరాజు ఈసారి నిజంగానే ఏడ్చాడు. అంత ఆనందం అతను తన పెళ్లిలో కూడా పడలేదు. ఆ సందడిలోనే కృపామణి మూడు వేల తొమ్మిదో పేజీ చదివి వినిపించింది. గెలుపు పుస్తకానిదే. ఆటగాడికి వాడుకోవడానికి మాత్రమే ఇస్తారు, అదీ రీడర్‌లో ఛార్జింగ్ ఉన్నంతవరకు.

"ఛార్జింగ్ అయిపోతే?"

"మీరు గెలవలేదండి."

"రూలు రూలే. నొక్కింది నేనే గదండీ," అన్నాడు నూకరాజు కళ్లు తుడుచుకుంటూ. గెలిచినవాళ్లే రీడర్‌ను దగ్గర పెట్టుకోవాలని కూడా రూల్సులో ఉండడంతో దాన్ని ఇంటికి తీసుకెళ్లాడు.

సోమవారం ఎనభై శాతం ఉండగా వాచ్‌మన్ లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. మంగళవారం నలభైకి దిగేసరికి, "మన అపార్టుమెంట్లో ఎవరో గెలిచారంట, మీకు తెలుసా?" అని భార్య సత్యవతే అతన్ని అడిగింది. బుధవారం బాషా మెడలో టేపుతో షాపు ముందు నిలబడి, "గెలిచారా? ఎప్పుడండీ?" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. రీడర్ చూస్తే నాలుగు శాతం ఉంది.

రీడర్లకు సరిపోయే ప్లగ్గు పాయింటు అపార్టుమెంటు మొత్తానికీ హాల్లో ఒక్కటే ఉంది. నూకరాజు వెళ్లేసరికి ముందు ఆరుగురున్నారు. ఒకాయన చేతిలో బి.కాం. డిగ్రీ ఉంది, ఇంకొకాయన చేతిలో ఫ్లాటు రిజిస్ట్రేషన్. అందరూ క్రికెట్ మాట్లాడుకుంటున్నారు. నూకరాజు వంతు వచ్చే సమయానికి మూడో అంతస్తు శేషారత్నం రీడర్ పట్టుకుని పరుగున వచ్చి వెనక నిలబడింది.

"మీదేంటమ్మా?"

"పెళ్లండి. రెండు శాతం ఉంది. పొద్దున్న కాఫీ ఇస్తే మా ఆయన 'థాంక్సండీ, మీరెవరు?' అన్నారు," అంది నవ్వుతూ.

నూకరాజు తన నాలుగు శాతాన్ని ఒకసారి చూసుకున్నాడు. పక్కకు జరిగాడు.

"ముందు మీరు పెట్టుకోండమ్మా. నాది ఉత్త గెలుపే."

ఆమె వైరు గుచ్చింది. కాసేపటికి నూకరాజు చేతిలో రీడర్ ఆరిపోయింది. తను అక్కడికి ఎందుకు వచ్చాడో గుర్తు రాలేదు. లైన్లో ఉన్నాడు కాబట్టి ఏదో ముఖ్యమైన పనే అయ్యుంటుందని అక్కడే నిలబడ్డాడు. వెనక్కి తిరిగితే మరో పది మంది కనిపించారు. ఎవరి రీడరూ వెలగడం లేదు. "లైన్ బాగానే కదుల్తోందండీ," అన్నాడు వాళ్లలో మొదటాయన, హుషారుగా.