పదకొండుతో హెచ్చవేస్తే

ఆదివారం పొద్దున్నే లెక్కల మాస్టారికి ఓ బుద్ధి పుట్టింది. గ్యాసు పొయ్యి పీకేసి కరెంటు పొయ్యి పెట్టించాలట! భార్య గయ్యిమంది. మంట కంటికి కనబడకపోతే ఆవిడకు వంట చేసినట్టే ఉండదు మరి.

"మనం కాల్చే గ్యాసు ఎంత కరెంటుకు సమానమో లెక్క కడదాం. ఎక్కువని తేలితే పొయ్యి మార్చాల్సిందే," అన్నాడు మాస్టారు.

"తేలకపోతే మళ్ళీ నా పొయ్యి ఊసెత్తకూడదు," అందావిడ.

ఒక ఘనపు మీటరు గ్యాసంటే సుమారు పదకొండు యూనిట్ల కరెంటని ఆయన వారం రోజులుగా ఇంటిల్లిపాదికీ నూరిపోస్తున్నాడు. నెలలో ఎంత కాలిందో గ్యాసు పైపుకున్న మీటరు చూసి చెప్పమని మామగారిని అడిగాడు. ఆ పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని వెళ్ళి, వేళ్ళు మడుచుకుంటూ తిరిగొచ్చాడు.

"రెండొందల ఇరవై, అల్లుడుగారూ!"

మాస్టారు పదకొండుతో హెచ్చవేశాడు. రెండువేల నాలుగువందల ఇరవై! ముగ్గురున్న కొంపకి! ఆయన చటుక్కున కుర్చీలోంచి లేచాడు.

"ఇది వంటకి కాలింది కాదే, ఎక్కడో కారుతోంది! బయటికి నడవండి!"

"వాసనేం రావట్లేదే?"

"నీకు జలుబుగా!"

ఆయన కేకలకు పై వాటా దర్జీ కూడా మెడలో టేపుతో, ఒంటిచేతి చొక్కా తొడుక్కున్న గిరాకీతో సహా వీధిలో పడ్డాడు. గ్యాసు మెకానిక్ వచ్చి పైపు పొడుగునా సబ్బునురగ రాశాడు. ఒక్క బుడగైనా లేవలేదు.

"ఎక్కడా కారట్లేదండీ."

మాస్టారి చూపు మెల్లగా దర్జీ మీదికి మళ్ళింది. "అయితే మా పైపుకి ఎవరో కన్నం పెట్టారన్నమాట!"

"నా ఇస్త్రీపెట్టె కరెంటుదయ్యా! ఎవర్ని పట్టుకుని దొంగంటున్నారు?" దర్జీ చొక్కా చేతులు పైకి మడిచాడు.

మామగారు కంగారుపడి మధ్యలో దూరాడు. "ఆగండి బాబూ! అల్లుడుగారి లెక్క తప్పదు. పైగా సగం లెక్క నేనే చేసిపెట్టాను కూడాను."

"సగమేంటి మావయ్యగారూ?"

"మీటర్లో తేలింది ఇరవయ్యే. సెలవుపూట మీకు శ్రమెందుకని పదకొండుతో హెచ్చవేసి చెప్పాను."

వీధి వీధంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది దర్జీయే. మాస్టారు సిగ్గుతో ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"తప్పయిపోయింది. ఇంటికి రండి, టీ తాగి వెళ్దురుగాని."

ఇరవయ్యంటే చిన్న సంసారానికి ఎక్కువేమీ కాదు. తన పొయ్యి తనకు దక్కిందని ఆవిడ హాయిగా దాన్ని వెలిగించింది.

మావా అల్లుళ్ళ చేతికి టీ కప్పుల పళ్ళెం అందిస్తూ ఆవిడ ఒక్కటే మాటంది. "చక్కెర నేను వేసేశాను. ఇంకెవరూ సాయం చెయ్యకండి."