రెండు చేతులకు వీసా

కొండేటి సువార్తకు రెండు చేతులకే వీసా వచ్చింది. మిగతా సువార్త దరఖాస్తు పరిశీలనలో ఉంది.

ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. ఆ దేశంలో ముసలివాళ్ళు ఎక్కువ, వాళ్ళను లేపి కూర్చోబెట్టే చేతులు తక్కువ. చేతులు కావాలని ప్రకటన ఇచ్చారు. చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళు నర్సుగా చేసిన సువార్త దరఖాస్తు పెట్టుకుంది. వచ్చిన కాగితం మీద 'చేతులు, రెండు, మంచి స్థితిలో' అని ఉంది. ఆమె భర్త దేవసహాయం ఆ కాగితానికి జిరాక్సు తీయించి ఫ్రేము కట్టించాడు.

విమానాశ్రయంలో అధికారి చాలా మర్యాదస్తుడు. కాళ్ళను చేతుల వాహనంగా రాసుకున్నాడు. అవి హాస్టలుకూ వృద్ధాశ్రమానికీ మధ్య తిరగవచ్చు. కళ్ళు చేతులకు దారి చూపుతాయి, చెవులు చెప్పిన పని వింటాయి, కడుపు నిండితేనే చేతులు ఆడతాయి. కాబట్టి ఈ మూడింటినీ చేతుల మీద ఆధారపడిన వాళ్ళుగా లోపలికి రానిచ్చాడు. నాలుక దగ్గర ఆగాడు.

"ఇది దేనికి?"

"మాట్లాడటానికండి."

"ఎవరితో?"

సువార్త ఆలోచించింది. సమయానికి ఏ పేరూ తట్టలేదు. నాలుకను చిన్న డబ్బాలో పెట్టి కింది అంతస్తులోని విడిభాగాల గదికి పంపారు. టోకెను చేతికిచ్చారు. థాంక్స్ చెప్పబోయి, ఆ వీలు అప్పటికే పోయిందని గుర్తించి, తల ఊపి బయటికి నడిచింది.

హాస్టల్లో ఆమె గదిలో అప్పటికే ఒకామె ఉంది. జంగిలి శోభ, హుజూరాబాద్ మనిషి, సువార్తకంటే ఆరేళ్ళు పెద్ద. గీజర్లు అమ్మే కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు మాట్లాడే ఉద్యోగం. ఆ దేశపు భాష పరీక్ష హైదరాబాదులోనే పాసయింది కాబట్టి నాలుకకు వీసా ఇచ్చారు. చేతులకు ఇవ్వలేదు. చొక్కా చేతులు రెండూ మడిచి భుజాల దగ్గర పిన్నులు పెట్టించుకుని మంచం మీద కూర్చుంది.

"ఏం చెల్లె, నీకు చేతులున్నయా?" అని అడిగింది మొట్టమొదటి మాటగా.

సువార్త చూపించింది.

"నీ కడుపు సల్లగుండ. పొద్దటి సంది ముక్కు ఒకటే దురద. జర గోకు."

అక్కడి నుంచి ఇద్దరి కాపురం కుదురుకుంది. పొద్దున్నే సువార్త శోభకు జడ వేసి, ఇడ్లీ తినిపించి, చెవులకు హెడ్‌ఫోను తగిలించి పనికి పంపేది. సాయంత్రం శోభ ఇద్దరి తరఫునా మాట్లాడేది: కూరగాయల కొట్లో, హాస్టలు వార్డెనుతో, నీళ్ళు సరిగ్గా రాకపోతే ప్లంబరుతో. సువార్త ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసేది. వంట సువార్తదే అయినా, నాలుక లేదు కాబట్టి ఉప్పు చూడటం శోభ పని. "ఇది పప్పా, సముద్రమా?" అని రోజూ తిట్టేది. జవాబు చెప్పలేక సువార్త మరో ముద్ద ఆమె నోట్లో కుక్కి ఊరుకునేది.

నెలకోసారి, రెండో శనివారం, విడిభాగాల గదిలో ములాఖత్ ఉండేది. అరగంట. ఎవరి భాగం వాళ్ళకు ఇస్తారు. గంట కొట్టగానే తిరిగి డబ్బాలో పెట్టాలి. ఆ అరగంటా అక్కడ రైల్వే ప్లాట్‌ఫారంలా ఉండేది. నాలుకలు వచ్చినవాళ్ళు ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో పచ్చడి డబ్బా పట్టుకుని తింటూ అరుస్తూ, అరుస్తూ తింటూ ఉండేవారు. ఎవరి మాటా ఎవరికీ పూర్తిగా అందేది కాదు.

"గోంగూర నముల్తున్నావా?" అని అడిగేవాడు దేవసహాయం.

"ఆ. నువ్వు చెప్పయ్యా, నేను మింగుతా."

ఏడేళ్ళ కూతురు కెజియా ఫోను లాక్కునేది. "అమ్మా, మిగతా రోజుల్లో ఎందుకు మాట్లాడవు? నా మీద అలిగావా?"

"లేదు బంగారం. నాలుక ఎయిర్‌పోర్టులో ఉంది."

"ఓహో, సరే," అంది కెజియా. కొత్త రూల్సు పిల్లలకు త్వరగా అర్థమవుతాయి.

శోభ మాత్రం తన చేతులు వచ్చిన అరగంటా ఏ పనీ చేసేది కాదు. వాటిని ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చునేది. గంట కొట్టే ముందు ఒక్కసారి సువార్త చెంప నిమిరేది.

ఆదివారం షికారు తప్పనిసరి. గదిలో ముడుచుకుని కూర్చునే విదేశీ భాగాలకు దిగులు పట్టి సోమవారం సరిగా పనిచేయడం లేదని సంతృప్తి శాఖ లెక్క తేల్చింది. అందుకని కళ్ళకూ కాళ్ళకూ పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా పాసు ఇచ్చేవారు. వంద కిలోమీటర్ల లోపల సరస్సులు, కోటలు, జున్ను ఫ్యాక్టరీ. షికారు పని కాదు కనుక చేతులకు పాసు లేదు. ఎనిమిదికి వార్డెను వచ్చి సువార్త చేతులు తీసుకుని, తువ్వాలు పరిచిన బల్ల మీద పెట్టి, రసీదు ఆమె జేబులో దోపేది.

అలా చేతుల్లేని ఇద్దరు ఆడవాళ్ళు రైలెక్కి ఒక సరస్సు దగ్గర దిగారు. చుట్టూ కొండలు, నీళ్ళు నీలం సిరా ఒలికినట్టు. సువార్త నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

శోభ అర్థం చేసుకుంది. "అబ్బబ్బ, ఎంత మంచిగున్నదే!" అంది. "ఇది నాది. ఇగ నీది." గొంతు మార్చి గుంటూరు యాసలో, "ఓరి దేవుడో, ఎంత బాగుందో చూడండమ్మా!" అంది. సువార్త భుజంతో ఆమె భుజాన్ని గుద్దింది. తన యాస అంత సాగదని ఆమె ఉద్దేశం.

ప్రతి సరస్సు దగ్గరా శాఖ తరఫున ఒక ఫోటోగ్రాఫరు ఉండేవాడు. ఫోటో తీసి, లేని చేతులు గీసి, నేరుగా ఇంటికి పంపించేవాడు. చిలకలూరిపేటలో చుట్టాలందరూ ఆ ఫోటోలు చూసి, సువార్త ఒళ్ళు చేసిందని, రంగొచ్చిందని సంతోషపడ్డారు. జున్ను ఫ్యాక్టరీలో వచ్చినవాళ్ళందరికీ తలా ఒక ముక్క నోట్లో పెట్టారు. శోభ నమిలి, చాలాసేపు కళ్ళు మూసుకుని, "చెల్లె, నాలుక లేని నీదే అదృష్టం," అంది.

వృద్ధాశ్రమంలో పదకొండో గదిలో ఎల్సా అనే తొంభై ఒక్కేళ్ళ ఆవిడ ఉండేది. ఒకప్పుడు బడిలో భూగోళం చెప్పిన టీచరు. సువార్త ఆమెను రోజూ లేపి, ఒళ్ళు తుడిచి, మేజోళ్ళు తొడిగేది. "నీది ఏ ఊరు?" అని ఎల్సా రోజూ అడిగేది. జవాబు రాకపోతే తనే ఊహించేది. "మద్రాసా? కొలంబోనా? మాండలేనా?" సువార్త తల అడ్డంగా ఊపేది. ఎనిమిది నెలల్లో ఎల్సా ఆసియా ఖండం దాదాపు పూర్తి చేసింది.

ఒకరోజు సువార్త ఆగలేక జేబులోంచి చీటీ తీసింది. ఎల్సా కళ్ళు గట్టిగా మూసుకుంది.

"వద్దు, రాసి చూపించకు. కాగితం మీద ఊళ్ళు నలభై ఏళ్ళు చూశాను. అక్కడి మనిషి నోట వినాలి."

తర్వాత వారానికే ఎల్సా మంచం దిగడం మానేసింది. అన్నం తగ్గింది. అయినా సువార్త వచ్చిన చప్పుడు వినగానే "ఈ రోజైనా?" అని పెదవులు కదిపేది.

సువార్త నాలుకకు అత్యవసర పాసు కోసం దరఖాస్తు రాసింది. కౌంటరులో శోభ చదివి వినిపించింది. కారణం: ఒక ఊరి పేరు చెప్పడానికి.

కౌంటరులో ఉన్న యువ అధికారి పేరు మార్టిన్. అతను ఫైలు తిరగేశాడు. "ఒక్క మాటకు పాసు ఇచ్చే పద్ధతి లేదు. కనీసం పది నిమిషాలు తీసుకోవాలి."

"అట్లనే ఇయ్యి సారూ. తొందరగ ఇయ్యి. ముసలామె ఉండెటట్టు లేదు," అంది శోభ అతని భాషలోనే, కానీ హుజూరాబాద్ పద్ధతిలో.

"అత్యవసరం కాబట్టి తొమ్మిది పనిదినాల్లో వచ్చేస్తుంది."

తొమ్మిది పనిదినాల్లోనే వచ్చింది, ఒక్క గంట కూడా ఆలస్యం కాలేదు. గురువారం పదకొండు గంటలకు మార్టిన్ స్వయంగా డబ్బా పట్టుకుని వృద్ధాశ్రమానికి వచ్చాడు. అనువాదకురాలిగా శోభను వెంటబెట్టుకొచ్చాడు. ఎల్సా మంగళవారం పోయింది. ఆమెకు ఆఖరి స్నానం చేయించి, నీలం గౌను తొడిగింది సువార్త చేతులే.

"వినాల్సినామె లేదు సారూ. ఇగ వాపసు తీస్కపో," అంది శోభ.

"పాసు నాలుక పేరు మీద ఉంది. వినేవారి పేరు మీద కాదు," అన్నాడు మార్టిన్ ఓపిగ్గా. "తీసుకుని వాడకపోతే నేరం. మళ్ళీ ఎప్పటికీ రాదు."

పదకొండో గదిలో పక్కబట్టలు తీసేసిన మంచం ఉంది. సువార్త దాని ఎదురుగా నిలబడింది. మార్టిన్ డబ్బా తెరిచి, గడియారం చూసుకున్నాడు. నాలుకను నోట్లో సర్దుకోవడానికే సువార్తకు ఒక నిమిషం పట్టింది.

"చిలకలూరిపేట," అంది సువార్త, మంచంతో.

గొంతు బొంగురుగా వచ్చింది. ఎల్సా వింటే రెండోసారి చెప్పించుకునేదే. అందుకని మళ్ళీ చెప్పింది, విడమర్చి, అక్షరం అక్షరం.

మార్టిన్ రాసుకున్నాడు. "ఇంకా ఎనిమిది నిమిషాల నలభై సెకన్లున్నాయి."

సువార్త అతని వైపు తిరిగింది.

"నీ మొహం మండ," అని మొదలుపెట్టింది. "నీ గడియారం తగలెయ్య. తొమ్మిది దినాలంట, నీ జిమ్మడ! మనిషి చచ్చాక మాట పట్టుకొస్తావంట్రా, నీ నోట్లో మన్ను గొట్ట! మా ఊళ్ళో కాటికాపరికి కూడా నీకంటే బుద్ధి ఎక్కువ. నీ కౌంటరుకు చెదలు పట్ట, నీ స్టాంపు అరిగిపోను, నీ ఫైళ్ళన్నీ ఎలకలు కొట్ట! ముసల్దాన్ని లేపడానికి నా చేతులు కావాల, కడుపులో మాట చెప్పుకోడానికి నా నాలుక పనికిరాదా? మీ సరస్సులో మీరే పడి మునగండ్రా! మీ జున్ను మీరే తిని చావండి!" ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. అతని తాతల దగ్గర నుంచి పుట్టబోయే మనవల దాకా ఎవరినీ వదల్లేదు. మధ్యలో కళ్ళ నీళ్ళు ముక్కు మీదుగా కారుతుంటే తన చేతులతో తనే తుడుచుకుంది.

"ఏమంటున్నారు?" అని అడిగాడు మార్టిన్.

శోభ గొంతు సవరించుకుంది. "ఈ దేశానికి థాంక్స్ చెప్తున్నది. మీ సరస్సుల గురించి, మీ జున్ను గురించి చెప్తున్నది. మీ పెద్దల్ని పేరుపేరునా తలుచుకుంటున్నది."

మార్టిన్ కళ్ళు చెమర్చాయి. ఫారంలో 'భావ ప్రకటన: చాలా తృప్తికరం' అని రాసి, ఈ నాలుకకు పూర్తి అనుమతి ఇవ్వవచ్చని కింద సిఫార్సు చేశాడు.

మూడు నెలల్లో సువార్త నాలుక వచ్చేసింది. మరుసటి ఏడాది శోభకు చేతులు వచ్చాయి. సువార్త చేతులకు ఆదివారం పాసు కూడా దొరికింది. మాట రాగానే, పప్పులో ఉప్పు సంగతి మీద ఇద్దరికీ మొదటిసారి నిజమైన గొడవ జరిగింది. రెండు రోజులు పలకరించుకోలేదు. ఇప్పుడు శోభ జడ శోభే వేసుకుంటుంది, కొట్లో బేరం సువార్తే చేసుకుంటుంది. భోజనాల దగ్గర ఎవరి కంచం వాళ్ళు ముందు పెట్టుకుని ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటారు. సరస్సు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. చూసిందే కదా అనుకుంటారు.

ఆ చలికాలంలో సువార్తకు కుటుంబాన్ని తెచ్చుకునే అర్హత వచ్చింది. భర్త ఎలక్ట్రీషియను కనుక చేతులకు ఇబ్బంది లేదు. పిల్లల విషయంలో మాత్రం మొదటి విడతలో మూడు రకాల భాగాలకే అనుమతి. ఫారం ముందు పెట్టుకుని సువార్త ఇంటికి ఫోను చేసింది.

"బడికి వెళ్ళాలి కాబట్టి చెవులు, కళ్ళు తప్పవు," అన్నాడు దేవసహాయం. "మూడోది కుడిచెయ్యి పెట్టు, రాసుకోడానికి. ఎడమది తర్వాత చూద్దాం."

"నవ్వుకు వేరే గడి ఉందయ్యా. పెట్టనా?"

"నవ్వు పెట్టకే," అంది పక్క మంచం మీద నుంచి శోభ. "దానికి ఆర్నెల్లు పడ్తది. మొత్తం ఫైలే ఆగుతది."

కెజియా ఫోను అందుకుంది. "అమ్మా, నా కాళ్ళు ఇప్పుడే తీసుకెళ్ళొద్దు. తొక్కుడుబిళ్ళలో నా వంతు ఉంది."

"తీసుకెళ్ళనులే, ఆడుకో," అంది సువార్త. చెవులు, కళ్ళు, కుడిచెయ్యి అని మూడు గడుల్లో టిక్కు పెట్టింది. బిడ్డకు ఇష్టమేనా అన్నచోట అవునని రాసింది.

ఫారం పోస్టు చేసి వస్తూ బట్టల కొట్టు దగ్గర ఆగింది. ఇక్కడి చలికి బిడ్డ చెయ్యి తట్టుకోలేదనిపించింది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఉన్ని గ్లవ్ చూపించమంది. కుడిచేతిది, ఎర్రది.

"ఎడమచేతిది?" అని అడిగింది కొట్లో అమ్మాయి.

"అది వచ్చేసరికి సైజు మారిపోతుంది."

"అవునండి, అందరూ అదే అంటారు," అని ఆ అమ్మాయి ఒక్క గ్లవ్‌నే పొట్లం కట్టి ఇచ్చింది. అక్కడ అవి విడివిడిగానే అమ్ముతారు.