పక్షుల పరీక్షలో సూరమ్మ తప్పిన వైనం

మా కొల్లేటి గట్టు మండలం సర్వతోముఖాభివృద్ధి సాధించినట్టు రంగుల కరపత్రం వెలువడింది. ఆకర్షణలు: పక్షులు. ఆర్థిక వ్యవస్థ: చేపల చెరువులు. సామాజిక విద్య: పక్షులను చూపించే గైడులకు నెల రోజుల ఉచిత శిక్షణ. పక్షులు చేపలను తింటాయన్న సంగతికి కాగితంలో చోటు చాలలేదు.

ఈ మూడింటికీ పెద్ద ఒక్కరే కావడం మా అదృష్టం. సుబ్బరాజుగారు పర్యాటక సంఘానికి అధ్యక్షులు, నలభై ఎకరాల చెరువులకు యజమాని, విద్యా కేంద్రానికి దాత. ఆదివారం పక్షులను ప్రేమిస్తారు. మిగతా ఆరు రోజులూ వాటిని తోలడానికి సూరమ్మను పెట్టుకున్నారు.

సూరమ్మ పన్నెండేళ్లుగా ఆ గట్ల మీద రేకు డబ్బా వాయిస్తోంది. ఏ పిట్ట ఎటునుంచి దిగుతుందో, ఏది డబ్బాకు లేస్తుందో, ఏది టపాకాయ పేలిస్తే గానీ కదలదో ఆమెకు తెలుసు. మోకాళ్లు అరిగిపోయాయి. గైడు ఉద్యోగమైతే నీడన నిలబడి చెప్పుకోవచ్చని శిక్షణలో చేరింది. పాఠం చెప్పే హెప్సిబా టీచరు మూడో రోజుకల్లా సూరమ్మ చెప్పింది తానే రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ టీచరంటే నాకు గౌరవం.

జులైలో ఒక సోమవారం, పది గంటలకు, చెరువు గట్టునే పరీక్ష. మర్నాడు చేపల పట్టుబడి. అందుకని సుబ్బరాజుగారు తెల్లవారగానే సూరమ్మకు కబురుపెట్టి, చెరువు మీద ఒక్క రెక్క కనబడకూడదన్నారు. ఆవిడ పని ఎగ్గొట్టే మనిషి కాదు. పది కొట్టేసరికి డబ్బా పక్కన పెట్టి, చెంగుతో ముఖం తుడుచుకుని పరీక్షకు వచ్చింది.

ఎదురుగా ఉన్న పక్షుల పేర్లు చెప్పమని ఏలూరు నుంచి వచ్చిన అధికారి అడిగారు. సుబ్బరాజుగారి మేనల్లుడు ఉదయ్ కిరణ్ కరపత్రం చూసి గూడబాతులన్నాడు, కొంగలన్నాడు, చలికాలంలో గానీ రాని సైబీరియా బాతుల్ని కూడా కలిపాడు. వందకు వంద వచ్చాయి. తర్వాత సూరమ్మ వంతు.

"ఏవీ లేవండీ. పొద్దున్నే నేనే తోలేశానండీ."

జవాబు కరపత్రంతో సరిపోలనందున అధికారి సున్నా వేశారు.

"ఏవండీ, ఒక్కసారి తలెత్తి చూడండి. ఆవిడ చెప్పిందే నిజమండీ," అంది హెప్సిబా.

తలెత్తి చూడాలని నిబంధనల్లో లేదు. సుబ్బరాజుగారు లేచి ఉపన్యసించారు. "మన సూరమ్మ మనకు ఆస్తండీ. ఇలాంటి మనిషిని గట్టు మీంచి కదిపితే మండలం ఆర్థిక వ్యవస్థ ఏమైపోవాలండీ?"

అందరూ చప్పట్లు కొట్టారు. సూరమ్మ డబ్బా తీసుకుని ఎండలోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఉదయ్ కిరణ్ షామియానా కింద మైకు పట్టుకుని గోడ మీద గీయించిన పక్షులను వివరిస్తున్నాడు. పట్టుబడి దగ్గరపడితే సూరమ్మకు ఆదివారాలూ సెలవు లేదు. అవతలి గట్టునుంచి వచ్చే డబ్బా చప్పుడును అతను స్థానిక జానపద వాద్యమని పరిచయం చేస్తాడు. సందర్శకులు ఫోనుల్లో రికార్డు చేసుకుంటారు. మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనం. వెళ్లేముందు అందరూ పుస్తకంలో "పక్షులు అద్భుతం" అని రాసి సంతకం పెడుతున్నారు. మొన్న పులుసు రెండోసారి వేయించుకున్నాక నేనూ పెట్టాను.