వినదగని పది ఆల్బమ్‌లు

గురువారం పొద్దున గడ్డం గీసుకుంటూ, ఆ రోజు చేయవలసిన పనులన్నీ ర్యాప్ మాస్టారు అద్దానికి చెప్పుకున్నాడు. జాబితా టైపు చేయించాలి. గుమ్మం దగ్గర అంటించాలి. సభ్యులందరి ఫోన్లకూ పంపించాలి. శనివారం సాయంత్రం నాలుగింటికి ఇరవై మందిని కుర్చీల్లో కూర్చోబెట్టాలి. అంతే.

నిజానికి ఆయన ఏ బళ్ళోనూ మాస్టారు కాడు. గ్రంథాలయంలో పైఅంతస్తున ఉన్న సంగీతం గదిని చూసుకునే ఉద్యోగి. యాభై ఒక్క ఏళ్ళు, బట్టతల, చత్వారం కళ్ళజోడు. ఆ వాలకంలో ఉన్న మనిషి ర్యాప్ పాటల హిప్ హాప్ అంటే ప్రాణం పెడతాడని తెలిసిన రోజున తోటివాళ్ళు ఈ పేరు తగిలించారు. ఆరేళ్ళయినా అది ఊడలేదు.

"పోయిన నెల పాటలు వినడానికి ఎంతమంది వచ్చారు?" అని వంటింట్లోంచి భార్య అడిగింది.

"ముగ్గురు."

"ఫరవాలేదే! ఎవరెవరు?"

"ఒకాయన ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చాడు. ఇంకొకాయన ఆ ఫ్యాను కింద పడుకోడానికి వచ్చాడు."

"మూడో ఆయన?"

"నేనే."

ఈ శనివారం కూడా ఇరవై మంది రాకపోతే సంగీతం గదిని ఖాళీ చేయించి పాత పత్రికల కట్టలు పెట్టిస్తానని పెద్ద మేడమ్, అంటే ప్రధాన గ్రంథపాలకురాలు, రాతపూర్వకంగా ఇచ్చిన సంగతి భార్యకూ తెలుసు. గది పోతే ఈయన కింద అంతస్తులో సభ్యత్వ కార్డుల మీద ముద్రలు గుద్దుకుంటూ కూర్చోవాలి.

అందుకే ఈసారి మాస్టారు నెల రోజులు కష్టపడి, ఎవరి చెవినా పడకుండా మరుగున పడిపోయిన ఆల్బమ్‌లు పది ఏరాడు. అందులో ఒకటి 'ఆఖరి స్టాపు'. స్టాపు స్టాపుకీ ఖాళీ అయ్యే బస్సులో తలలు లెక్కపెట్టే కండక్టరు పాడినది. ఎవరో పెద్ద స్టారు ఆల్బమ్ వచ్చిన వారమే విడుదలై అడ్రసు లేకుండా పోయింది. ఇంకొకటి 'తడి బట్టలు'. లాండ్రీలో పనిచేసే అక్కచెల్లెళ్ళిద్దరు వాషింగ్ మెషిన్ల చప్పుడునే తాళంగా పెట్టుకుని చేశారు. దాని అట్ట మీది బొమ్మ ఎంత ఘోరంగా ఉందంటే, అమ్మేవాళ్ళే దాన్ని తిరగేసి పెట్టారు. మరొకదానిలో డెబ్బై ఏళ్ళ ట్రంపెట్ వాద్యకారుడు మనవరాలి ర్యాప్‌కి జాజ్ బాణీలు వాయించాడు. అది అచ్చయిన నెలకే కంపెనీ మూతపడింది. పదింటిలో ఏ ఒక్కటీ ఇప్పుడు బజారులో దొరకదు.

జాబితా మీద శీర్షిక కూడా ఆయనే స్వయంగా రాసిచ్చాడు: 'ఎవరూ పట్టించుకోని, వినదగిన పది హిప్ హాప్ ఆల్బమ్‌లు'. టైపిస్టు చేతిలో పెట్టి, కుర్చీలు తుడవడానికి పైకి వెళ్ళాడు. కిందికి దిగేసరికి గుమ్మం దగ్గర కాగితం అంటించి ఉంది. నాలుగు వందల మంది సభ్యుల ఫోన్లకూ వెళ్ళిపోయింది. దాని మీద ఇలా ఉంది: 'ఎవరూ పట్టించుకోని, వినదగని పది హిప్ హాప్ ఆల్బమ్‌లు'.

రెండు అక్షరాలు అటూ ఇటూ అయ్యాయి. మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాడు. అవి అలాగే ఉన్నాయి.

ఇంతలో ఫోను మోగింది. పాఠకుల సంఘం అధ్యక్షురాలు. రిటైరై పన్నెండేళ్ళయినా గొంతులో హెడ్‌మిస్ట్రెస్ మాత్రం రిటైరు కాలేదు.

"వినదగనివని మీరే రాశారు. ఎవరూ పట్టించుకోవడం లేదని కూడా మీరే రాశారు. సరే, నేను పట్టించుకుంటున్నాను. శనివారం నోటుబుక్కు పట్టుకుని వస్తాను."

"అయ్యో టీచరుగారూ, అది టైపు..."

"ఏ టైపో నేను విని తేలుస్తాను!" అని ఆవిడ పెట్టేసింది.

మాస్టారు టైపిస్టు బల్ల దగ్గరికి పరుగెత్తాడు. "కొంప ముంచావు కదమ్మా! తప్పు దొర్లిందని చెప్పి, సవరించి, అందరికీ వెంటనే పంపించు!"

"అలాగే సార్, కంగారుపడకండి," అంది ఆవిడ. ఆయన మాట పొల్లుపోకుండా పంపింది కూడా: 'జాబితాలోని ఆల్బమ్‌లలో తప్పులు దొర్లినవి. వాటిని సవరించి శనివారం వినిపించబడును.'

శుక్రవారం తలుపు తీసేసరికి మెట్ల మీద పదిహేను మంది నిలబడి ఉన్నారు. ఆరేళ్ళలో ఆ మెట్లు అంత బరువు మోయలేదు.

"సవరించకముందువి ఉన్నాయాండీ?" అని ముందున్న ఇన్సూరెన్స్ ఏజెంటు గుసగుసగా అడిగాడు.

"సవరించేదేమీ లేదు బాబూ! అవి మొదటినుంచీ మంచివే!"

"అర్థమైంది లెండి," అని ఏజెంటు కన్నుగీటాడు.

ఆ కన్నుగీటడం మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కించింది. పెద్ద మేడమ్ గదిలోకి వెళ్ళి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. మేడమ్ అంతా విని, పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"ఆ 'తడి బట్టలు' అనేదాంట్లో ఏముంది?"

"ఇద్దరు అక్కచెల్లెళ్ళు బట్టలుతుకుతారు మేడమ్."

"ఎవరి బట్టలు?"

"ఆసుపత్రి దుప్పట్లు మేడమ్! ఆసుపత్రి దుప్పట్లు!"

"అరవకండి. ఎందుకైనా మంచిది," అంటూ మేడమ్ ఒక కాగితం తీసి పెద్ద అక్షరాలతో రాసింది: 'పద్దెనిమిదేళ్ళు నిండినవారికి మాత్రమే ప్రవేశం'. దాన్ని తలుపుకు స్వయంగా అంటించింది. మాస్టారు ఆ కాగితంకేసి చూస్తూ గోడకు చేరగిలబడిపోయాడు.

శనివారం నాలుగింటికి ఇరవై కుర్చీలకు నూట పది మంది వచ్చారు. కిటికీ గట్ల మీద, పుస్తకాల నిచ్చెన మీద, ఒకరి ఒళ్ళో ఒకరుగా సర్దుకున్నారు. ముందు వరసలో హెడ్‌మిస్ట్రెస్, ఒళ్ళో నోటుబుక్కు, చేతిలో ఎర్ర సిరా పెన్ను. మాస్టారు లేచి, ఒక్కో ఆల్బమ్ గురించీ రాసుకొచ్చిన నాలుగు మంచి మాటలు చదవబోయాడు.

"ఉపోద్ఘాతాలు వద్దు, కానివ్వండి!" అని వెనక నుంచి కేక.

'తడి బట్టలు' మొదలైంది. నూట పది మంది చెవులు రిక్కించారు. దుప్పట్లు నానాయి, ఉతికారు, ఆరేశారు. ఒక పాటంతా పోని మరక గురించే. ఇన్సూరెన్స్ ఏజెంటు ముందుకు వంగాడు.

"మాస్టారూ, ఆ భాగం ఎప్పుడొస్తుంది?"

"ఏ భాగం?"

"అదే... వినకూడనిది."

"లేదయ్యా బాబూ! ఎక్కడా లేదు!"

"అయితే చివర్లో అన్నమాట," అని ఏజెంటు స్థిమితంగా కూర్చున్నాడు.

చివర్లో కూడా రాలేదు. ఎవరూ లేవలేదు, ఎందుకంటే లేచిన మరుక్షణం వస్తుందేమోనని అందరికీ భయం. అలా కూర్చునే కండక్టరు పాటలు విన్నారు. తొమ్మిది పాటల్లో తొంభై మంది ప్రయాణికులు ఎక్కి దిగారు. ట్రంపెట్ ముసలాయన వంతు వచ్చింది. ఒకచోట ఆయనకు ఊపిరి చాలక స్వరం తెగిపోతుంది. ఆ ఖాళీలోకి మనవరాలు మాటలతో దిగి, తాతకు ఊపిరి అందేదాకా పాటను ఒంటిచేత్తో మోస్తుంది. ఆ రెండు నిమిషాలూ ఎవరూ బూతు కోసం వెతకలేదు. ఏజెంటు నోరు తెరిచి కూర్చున్నాడు. మాస్టారు చిరాకు మరిచి గదిని చూశాడు. ఆరేళ్ళుగా ఆయన ఊహించుకున్న గది అచ్చం ఇలాగే ఉండేది.

"ఆపండి!" అంది హెడ్‌మిస్ట్రెస్.

గది బిగుసుకుపోయింది.

"ఆ పాట మళ్ళీ వెయ్యండి. ఒక మాట సరిగ్గా పట్టుకోలేకపోయాను."

వేశాడు. ఆ మాట రెండోసారి కూడా ఆవిడకు దొరకలేదు. మూడోసారి ఆవిడ కళ్ళు మూసుకుంది. ఎర్ర సిరా పెన్ను నోటుబుక్కు అట్ట మీద తాళం వేస్తోంది.

సోమవారం పొద్దున పెద్ద మేడమ్ పిలిపించింది. బల్ల మీద హెడ్‌మిస్ట్రెస్ ఎర్ర సిరాతో రాసిన నాలుగు పేజీల నివేదిక ఉంది. ముద్రలు గుద్దే బల్ల మాస్టారి కళ్ళముందు కదిలింది.

"చదవండి," అంది మేడమ్.

'పది ఆల్బమ్‌లనూ క్షుణ్ణంగా పరిశీలించడమైనది. అభ్యంతరం ఒక్కటే. శబ్దం వెనుక వరసల దాకా రాలేదు. పత్రికల హాలును ఖాళీ చేసి సంగీత విభాగానికి ఇవ్వవలెను.' కింద నూట తొమ్మిది సంతకాలు.

"హాలు ఇచ్చేశాను," అంది మేడమ్. "పత్రికలు ఎక్కడ పెట్టుకోవాలో నాకే తెలియడం లేదు."

మాస్టారు మెట్లు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. పండగలా ఉంది. ట్రంపెట్ పాట ఒక్కసారి, ఒక్కడే, తలుపేసుకుని విందామని అలమర తెరిచాడు. అరంతా ఖాళీ. దుమ్ములో పది ఆల్బమ్‌ల గుర్తులు మాత్రం నీటుగా ఉన్నాయి.

"పొద్దున్నే పట్టుకుపోయారు సార్," అంది టైపిస్టు, కొత్త రిజిస్టరు ఆయన ముందుకు జరుపుతూ. "మనిషికి రెండు వారాలు. కావాలంటే వరసలో పేరు రాయించుకోవాలి."

"నాకు కూడానా? ఏరింది నేనమ్మా!"

"నిజమే సార్. ఇక్కడ సంతకం పెట్టండి."

ఆయన పళ్ళు నూరుతూ పెట్టాడు: డెబ్బై మూడో పేరు ఆయనది, డెబ్బై రెండోది పెద్ద మేడమ్‌ది.