నాలుగో అంతస్తుకు పచ్చగీత

"ఇకమీదట ప్రజలకు తెలియకుండా ఒక్క పనీ జరగదు!" అని గృహవసతి మంత్రిగారు సోమవారం ప్రకటించారు. అప్పటిదాకా పనులు జరుగుతున్నాయన్న సంగతే తెలియని ప్రజలు చాలా సంతోషించారు.

ఆ సాయంత్రమే ప్రభుత్వ క్వార్టర్స్‌లో ప్రతి ఫోనుకూ ఒక లింకు వచ్చింది. నొక్కితే రోడ్‌మ్యాప్. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో రంగురంగుల గీతలు. జీతంలో అద్దె కోయించుకునే ఉద్యోగులూ వాళ్ల ఇంటివాళ్లూ ఆ క్షణంనుంచి స్టేక్‌హోల్డర్లు అయిపోయారు.

నాలుగో అంతస్తు కోడలికి కావలసింది ఒక్కటే గీత: లిఫ్టు. మోకాళ్లు మొరాయించి అత్తగారు కిందికి దిగి ఎనిమిది నెలలయింది. ఎదుటి బ్లాకులో కింది ఇంట్లో ఉండే తన తోడికోడలితో పోట్లాట బాల్కనీలోంచే నడపవలసి వస్తోంది. అంత ఎత్తునుంచి దెప్పిపొడుపులు పనిచెయ్యవు. "ఏవన్నావూ?" అని ఆవిడ తిరిగి అడిగేసరికి మాటలో పస పోతుంది.

"లిఫ్టు ఎప్పటికటే?"

"వచ్చే ఏడాది ఆఖరికట అత్తయ్యా. ఎర్రగీత."

"ఏదీ, ఎంత పొడుగుందో చూడనీ."

చూపించబోతే కోడలి బొటనవేలు తగిలి గీత కాస్త కుంచించుకుపోయింది. పని ఒక వారం ముందుకొచ్చింది! లింకు పంపిన ఇంజనీరుగారు 'చూడవచ్చు' అన్నచోట పెట్టాల్సిన టిక్కు 'మార్చవచ్చు' అన్నచోట పెట్టి ఇంటికి వెళ్లిపోయారు మరి.

కోడలు డిగ్రీ చదివిన మనిషి, నదురూ బెదురూ ఉన్న మనిషి. గీతను ఎక్కడిది అక్కడ పెట్టేద్దామనుకునేలోగా ఫోను మోగింది: "లిఫ్టు పనిని వారం ముందుకు తెచ్చిన ఇంజనీరుగారి కార్యదక్షతకు మంత్రిగారి అభినందనలు."

"ఆయన్నంతగా మెచ్చుకుంటుంటే మనకి పిసినారితనం దేనికే? ఇలా తే" అని అత్తగారు ఫోను లాక్కుని, గీత కొసను వేలితో పట్టి ఈ శుక్రవారందాకా ఒక్క లాగు లాగారు. గీత పచ్చబడింది: శుక్రవారానికి పని పూర్తి. తెరమీద పూలు రాలాయి.

శుక్రవారం మూడు గంటలకు మంత్రిగారు వచ్చేశారు. లిఫ్టు తలుపుకు ఎర్రరిబ్బను కట్టారు. తలుపు వెనక నాలుగంతస్తుల ఖాళీ తప్ప మరేమీ లేదని అక్కడ ఇంజనీరుగారొక్కరికే తెలుసు.

"సార్... లిఫ్టు ఇంకా..." అన్నారాయన.

"చార్టులో పచ్చగా ఉందా, లేదా?"

"ఉంది సార్."

"మరి చార్టు అబద్ధం చెబుతోందంటావా? దాన్ని ప్రారంభించింది నేను!"

"అబ్బెబ్బే, మొదటిరోజు కదా, మాన్యువల్ మోడ్‌లో ఉంది సార్, అదే చెబుతున్నాను" అన్నారు ఇంజనీరుగారు.

నలుగురు అసిస్టెంటు ఇంజనీర్లు ఆఫీసు కుర్చీ తెచ్చారు. మంత్రిగారు కూర్చున్నారు. నాలుగు కాళ్లూ నలుగురు పట్టుకుని మెట్లెక్కారు. వెనకనుంచి ఒక గుమాస్తా అంతస్తు అంతస్తుకూ "టింగ్! రెండో అంతస్తు... టింగ్! మూడో అంతస్తు" అని భక్తిశ్రద్ధలతో పలికాడు.

"కుదుపన్నదే లేదయ్యా! మనుషులు మోసినట్టే ఉంది" అని మంత్రిగారు మెచ్చుకున్నారు.

నాలుగో అంతస్తులో ఆయన కాఫీ కోసం కోడలు అప్పుడే సన్నని సెగమీద పాలు పెట్టింది. ఫొటోగ్రాఫరు తొందరపడ్డాడు. "లబ్ధిదారు దిగుతున్నట్టు ఒక్క ఫొటో సార్!"

"రండి పెద్దమ్మా, కూర్చోండి" అని మంత్రిగారు స్వయంగా కుర్చీ ఖాళీ చేశారు. అత్తగారు చీర సర్దుకుని మహారాణిలా కూర్చున్నారు. నలుగురూ ఎత్తారు. టింగ్, టింగ్, టింగ్. కోడలు చెప్పులైనా వేసుకోకుండా వెంట పరుగెత్తింది. వెనకే మంత్రిగారు, తాను లిఫ్టు దిగుతున్న ఠీవితోనే మెట్లు దిగి వచ్చారు.

అత్తగారు నేలమీద కాలుపెట్టారు. తోడికోడలు అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. ఎనిమిది నెలలు దాచుకున్న మాట అత్తగారు దగ్గరగా వెళ్లి మొహమ్మీదే అనేశారు. ఆవిడకు మొదటిసారే వినపడింది. ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి.

ఫొటోలయ్యాక కార్లు బయల్దేరాయి. కుర్చీ డిపార్టుమెంటుది కాబట్టి అదీ ఎక్కి వెళ్లిపోయింది.

"ఇక మనం పైకి ఎలా పోవడమే?" అన్నారు అత్తగారు, అప్పుడే గుర్తొచ్చినట్టు.

కోడలు నోరు తెరిచేలోగా ఫోను మోగింది: "లిఫ్టు విజయవంతంగా పూర్తయినందున రెండో దశ: అవసరం తీరిపోయిన మెట్ల తొలగింపు. ప్రారంభం: నేడు నాలుగు గంటలకు."

సరిగ్గా నాలుగింటికి తాపీమేస్త్రీ గునపంతో వచ్చాడు. ఆ క్వార్టర్స్ చరిత్రలో చెప్పిన టైముకు మొదలైన పని అదే.

"అయ్యో, ఆగు నాయనా!"

"పక్కకి జరగండమ్మా, లేటైతే నా గీత ఎర్రబడుద్ది" అని వాడు మొదటి మెట్టుమీద గునపం దించాడు.

కోడలు గబగబా బొటనవేలితో ఆ కొత్త గీతను వచ్చే ఏడాదికి లాగబోయింది. అది కదల్లేదు. ఇంజనీరుగారు ఈసారి టిక్కు సరైనచోటే పెట్టారు: 'చూడవచ్చు.'

రెండో మెట్టు కూడా పోయింది. అత్తగారు నాలుగో అంతస్తుకేసి ఒకసారి తలెత్తి చూసి, మెల్లిగా అడిగారు.

"అమ్మాయ్, పొయ్యి ఆర్పి వచ్చావా?"